పసుపు అడిగితే కుంకుమ ఇచ్చిన దీపం: సెకండ్ లైఫ్‌లో వస్తువులకు స్క్రిప్టు రాసే పద్ధతి

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీది గదికి సాయంత్రాలు నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు వస్తారు. కిందటి కార్తీకంలో వాళ్లలో ఒకమ్మాయి సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ ప్రపంచంలో ఒక దీపం తయారు చేసింది. ముట్టుకుంటే పసుపు రంగులో వెలగాలి. ముట్టుకుంది. దీపం కుంకుమలా ఎర్రబడింది.

"సార్, పసుపే రాశాను. కావాలంటే చూడండి" అంది. చూశాను. పసుపే రాసింది. స్క్రిప్టులో, అంటే వస్తువు ఏం చేయాలో చెప్పే కోడులో, తప్పు లేదని కంప్యూటర్ కూడా అంటోంది. అరగంట వెతికితే దొరికింది: ఒక అంకె పక్కన చుక్క లేదు. ఆ చుక్క సంగతి అర్థం కావాలంటే ముందు డేటా రకాలు, అంటే ఒక విలువ పూర్ణాంకమా, దశాంశమా, అక్షరాలా అనే తేడా, తెలియాలి. చాలామంది ఫంక్షన్ల (పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే కోడు ముక్కల) జాబితా ముందేసుకుని మొదలుపెడతారు. నేను ఒప్పుకోను. సోల ఏదో తవ్వ ఏదో తెలియనివాళ్ల చేతికి బియ్యం డబ్బా ఇచ్చినట్టు ఉంటుంది అది. ఈ వ్యాసంలో కొలతలు ముందు, వంట తర్వాత. మూడు వస్తువులు చేద్దాం: దీపం, తలుపు, టోకెన్ల పెట్టె.

ఎక్కడ కూర్చుని చేయాలి

సెకండ్ లైఫ్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003 జూన్ 23న ప్రారంభించింది. ఖాతా ఉచితం, నేలకు మాత్రం డబ్బు కట్టాలి. అయితే శాండ్‌బాక్స్ అనే ఉమ్మడి స్థలాలు ఉన్నాయి. అక్కడ ఎవరైనా వస్తువులు కట్టి చూడవచ్చు. కొన్ని గంటల తర్వాత అవి వాటంతట అవే మీ సంచిలోకి (ఇన్వెంటరీలోకి) తిరిగి వచ్చేస్తాయి.

నేర్చుకునే దశలో నా ఓటు ఓపెన్‌సిమ్యులేటర్‌కు. అది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సర్వర్. మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది, ఇంటర్నెట్ పోయినా ఆగదు. మొదటిసారి నడిపినప్పుడు ప్రాంతం పేరు, యజమాని పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. మా పిల్లలు తమ ప్రాంతానికి అలిపిరి అని పేరు పెట్టుకున్నారు. లోపలికి వెళ్లడానికి ఫైర్‌స్టార్మ్ లాంటి వ్యూయర్, అంటే ఆ ప్రపంచాన్ని తెర మీద చూపే ప్రోగ్రామ్, కావాలి. అదే వ్యూయర్ సెకండ్ లైఫ్‌కూ పనికొస్తుంది. స్క్రిప్టు భాష రెండుచోట్లా ఒకటే: లిండెన్ స్క్రిప్టింగ్ లాంగ్వేజ్, పొట్టిగా ఎల్ఎస్ఎల్. కింద చెప్పే పరిమితులు మాత్రం సెకండ్ లైఫ్‌వి.

కోడు చదివే ముందు

ఇక్కడ కోడును తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు ఎడిటర్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడాను ఈ భాష గట్టిగా పట్టించుకుంటుంది. డేటా రకాల పేర్లు, ఈవెంట్ల పేర్లు, ఇఫ్, ఎల్స్ వంటివి అన్నీ చిన్న అక్షరాల్లో. ట్రూ, ఆల్_సైడ్స్ వంటి స్థిరాంకాలు అన్నీ పెద్ద అక్షరాల్లో. భాషతో పాటు వచ్చే ఫంక్షన్ల పేర్లు రెండు చిన్న ఎల్ అక్షరాలతో మొదలై, తర్వాత వచ్చే దాదాపు ప్రతి మాటా పెద్ద అక్షరంతో ఎత్తుకుంటుంది (కింద వచ్చే ఎల్ఎల్‌గెట్‌జీఎంటీక్లాక్‌లో క్లాక్ మాత్రం చిన్న అక్షరంతోనే). ఆ రెండు ఎల్‌లను ఒకట్లు అనుకుని కొట్టి గంటసేపు తల పట్టుకున్నవాళ్లను చూశాను.

వేరియబుళ్ల, అంటే విలువలు దాచుకునే డబ్బాల, పేర్లు మీ ఇష్టం. నూనె, తలుపు, టోకెన్ అని తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. ఆరు నెలల తర్వాత తెరిచినా అర్థమవుతాయి. కొటేషన్ గుర్తుల మధ్య ఉండే మాటలను మాత్రం నేరుగా తెలుగు లిపిలో రాయవచ్చు.

మొదటి అడుగు: వస్తువు, దాని లోపల స్క్రిప్టు

నేల మీద కుడి క్లిక్ చేసి, కొత్త వస్తువు తయారు చేసే ఎంపిక తీసుకుని, గోళం ఆకారం ఎంచుకుని, నేల మీద ఒకసారి క్లిక్ చేయండి. ఇలా పుట్టిన ఒక్కో మూల ఆకారాన్ని ప్రిమ్ అంటారు. గోళాన్ని కాస్త నిలువుగా సాగదీస్తే దీపజ్వాలలా ఉంటుంది. ఎడిట్ కిటికీలో కంటెంట్ అనే భాగానికి వెళ్లి కొత్త స్క్రిప్టు మీట నొక్కండి. దాన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే లోపల ముందే ఒక చిన్న స్క్రిప్టు కనిపిస్తుంది. పాత అలవాటుగా అది "హలో, అవతార్!" అంటుంది. దాన్ని ఇలా మార్చండి:

```
డిఫాల్ట్
{
    స్టేట్_ఎంట్రీ()
    {
        ఎల్ఎల్‌సే(0, "దీపం సిద్ధం");
    }

    టచ్_స్టార్ట్(ఇంటిజర్ ఎందరు)
    {
        ఎల్ఎల్‌సే(0, "నన్ను ముట్టుకున్నారు");
    }
}
```

సేవ్ నొక్కగానే స్క్రిప్టు కంపైలై, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారి, పని మొదలుపెడుతుంది. డిఫాల్ట్ అనేది ఒక స్థితి. ప్రతి స్క్రిప్టులోనూ అది ఉండి తీరాలి. దాని లోపల ఉన్నవి ఈవెంట్లు. స్క్రిప్టు ఆ స్థితిలోకి అడుగుపెట్టినప్పుడు మొదటిది, ఎవరో ముట్టుకున్నప్పుడు రెండోది నడుస్తుంది. మిగతా వేళల్లో స్క్రిప్టు ఊరికే కూర్చుంటుంది. పిలిస్తే పలికే మనిషి లాంటిది, తనంతట తాను తిరుగుతూ ఉండదు.

ఎల్ఎల్‌సే అనేది ఫంక్షన్. కుండలీకరణాల్లో రెండు విలువలు అడుగుతోంది: ఏ చానెల్‌లో మాట్లాడాలి, ఏమని మాట్లాడాలి. సున్నా చానెల్ అందరికీ వినబడేది. ఈ ఫంక్షన్ మాట 20 మీటర్ల దాకా వెళ్తుంది. గుసగుస ఫంక్షన్ 10 మీటర్లు, కేక ఫంక్షన్ 100 మీటర్లు.

తప్పు ఉంటే కింద కుండలీకరణాల్లో రెండు అంకెలు వస్తాయి. మొదటిది వరుస, రెండోది ఆ వరుసలో స్థానం. ఆ చోట ఏమీ కనిపించకపోతే పై వరుస చివర చూడండి. సెమీకోలన్ మరిచిపోయి ఉంటారు.

ఏడు రకాలు

ఎల్ఎస్ఎల్‌లో డేటా రకాలు ఏడే. అన్నిటికీ సమానంగా చోటివ్వను, ఎందుకంటే అవి పెట్టే తిప్పలు సమానం కావు.

ఇంటిజర్ అంటే పూర్ణాంకం. రుణ వైపు 2147483648 నుంచి ధన వైపు 2147483647 దాకా పడుతుంది. అవును, కాదు అనే విషయాలకు ప్రత్యేక రకం లేదు; ట్రూ అంటే 1, ఫాల్స్ అంటే 0, అంతే. అందుచేత వాటితో లెక్కలు కూడా చేయవచ్చు, దీపంలో చేస్తాం.

ఫ్లోట్ అంటే దశాంశ సంఖ్య. ఇప్పుడు ఆ చుక్క దగ్గరికి వద్దాం. ఈ భాషలో 5 / 2 రాస్తే జవాబు 2. రెండున్నర కాదు. రెండు వైపులా పూర్ణాంకాలే ఉంటే జవాబు కూడా పూర్ణాంకమే, మిగిలినది పారేస్తుంది. చిత్తూరు మండీలో ఐదు కిలోల తోతాపురి ఇద్దరికి పంచమంటే తలా రెండు కిలోలు ఇచ్చి మిగిలిన కిలో గోడ అవతల విసిరేసే మనిషిని ఊహించుకోండి. 5.0 / 2 అని ఒక్క చుక్క పెడితే 2.5 వస్తుంది.

రంగును ఈ భాష 0 నుంచి 1 దాకా ఉండే మూడు దశాంశాలుగా అడుగుతుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో అవే 0 నుంచి 255 దాకా ఉంటాయి. దీపం చేసిన అమ్మాయికి నచ్చిన పసుపు అందులో 255, 191, 51. తెలివిగా ఇలా రాసింది:

```
ఎల్ఎల్‌సెట్‌కలర్(<255/255, 191/255, 51/255>, ఆల్_సైడ్స్);
```

255ను 255తో భాగిస్తే 1. బాగానే ఉంది. 191ను 255తో భాగిస్తే, పూర్ణాంకాల లెక్కలో, 0. 51ని భాగించినా 0. చేతికొచ్చింది 1, 0, 0, అంటే శుద్ధమైన ఎరుపు. పసుపు అడిగితే కుంకుమ దొరికింది. 191.0/255.0 అని రాయగానే దీపం రంగుకొచ్చింది. ఇలాంటి తప్పును కంపైలర్ పట్టుకోదు, ఎందుకంటే భాష నియమాల ప్రకారం అది తప్పే కాదు.

ఫ్లోట్‌తో ఇంకో జాగ్రత్త. 100.0 నుంచి వెయ్యిసార్లు 0.1 తీసేస్తే సరిగ్గా సున్నా వస్తుందని నమ్మకండి. లోపల అది 32 బిట్ల ద్విసంఖ్య, 0.1 అందులో నిఖార్సుగా ఇమడదు. కాబట్టి "సున్నాకు సమానమా" అని అడగకుండా "సున్నా కంటే తక్కువా, సమానమా" అని అడగండి.

స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస. రెండు స్ట్రింగ్‌లను కూడిక గుర్తుతో అతికించవచ్చు. అంకెను అతికించాలంటే దాని ముందు కుండలీకరణాల్లో స్ట్రింగ్ అని రాసి రకం మార్చాలి. ఫ్లోట్‌ను అలా మారిస్తే 99.0 కాస్తా 99.000000 అని ఆరు సున్నాలతో వస్తుంది. చూడటానికి బాగుండదు. ముందు ఇంటిజర్‌గా మార్చి, తర్వాత స్ట్రింగ్‌గా మార్చండి.

తెలుగువాళ్లకు స్ట్రింగ్‌లో ఒక సొంత చిక్కు ఉంది. తిరుపతి అనే మాటలో మన కంటికి నాలుగే అక్షరాలు. ఎల్ఎల్‌స్ట్రింగ్‌లెంగ్త్ ఫంక్షన్‌ను అడిగితే 7 అంటుంది, ఎందుకంటే గుడులను, కొమ్మును అది విడిగా లెక్కపెడుతుంది. చిత్తూరులో మనకు మూడు, దానికి 8. ఇక బైట్లలో చూస్తే ఒక్కో తెలుగు గుర్తుకు మూడు. తిరుపతికి 21 బైట్లు, చిత్తూరుకు 24. వస్తువు మీద తేలియాడే అక్షరాలు చూపే ఎల్ఎల్‌సెట్‌టెక్స్ట్‌కు పరిమితి 254 బైట్లు. అంటే ఇంగ్లీషులో 254 అక్షరాలు పట్టేచోట తెలుగులో 84 గుర్తులే పడతాయి, ఖాళీకి ఒక బైటే కాబట్టి వాస్తవంలో మరికాస్త ఎక్కువ. కపిలతీర్థం నమూనా కడుతూ ఒకబ్బాయి గోపురం మీద శ్లోకం మొత్తం పెట్టాడు. రెండో పాదం మధ్యలో తెగిపోయింది. వాడు మొదట నన్నే అనుమానించాడు.

కీ అంటే గుర్తింపు సంఖ్య. ప్రతి అవతార్‌కూ (ఆ ప్రపంచంలో మనకు బదులు తిరిగే మనిషి బొమ్మకూ), ప్రతి వస్తువుకూ, ప్రతి చిత్రానికీ ఒకటి ఉంటుంది. మధ్యలో అడ్డగీతలతో కలిపి 36 అక్షరాల పొడవు. మనుషుల్ని పేరుతో గుర్తుపెట్టుకోకండి, కీతో గుర్తుపెట్టుకోండి. పేరు మార్చుకోవచ్చు, కీ మారదు.

వెక్టర్ అంటే మూడు ఫ్లోట్ల కట్ట. స్థానం, పరిమాణం, రంగు అన్నీ ఇదే రకం. ఒక ప్రాంతం 256 మీటర్లు పొడవు, 256 మీటర్లు వెడల్పు కాబట్టి ప్రాంతం నడిమధ్య నేల మీద ఉన్న వస్తువు స్థానం <128.0, 128.0, 22.0> లాగా ఉంటుంది. వెక్టర్ పేరు పక్కన చుక్క పెట్టి ఎక్స్, వై, జెడ్ అని విడివిడిగా తీసుకోవచ్చు. రంగును పొరపాటున స్థానం అడిగే ఫంక్షన్‌కు ఇచ్చినా కంపైలర్ నోరెత్తదు, ఎందుకంటే రకం సరిపోయింది కదా. వస్తువు ప్రాంతం మూల వైపు పరుగు తీస్తే అర్థం చేసుకోండి.

రొటేషన్ నాలుగు ఫ్లోట్లు. ఆ నాలుగింటినీ చేత్తో రాయాలని చూడకండి, తలుపు దగ్గర చెబుతాను. చివరిది లిస్ట్: చదరపు కుండలీకరణాల్లో పై ఆరు రకాల్లో వేటినైనా కలిపి వరుసగా పెట్టుకునే సంచి. సంచిలో సంచి మాత్రం పెట్టనివ్వదు.

దీపానికి నూనె

ఇప్పుడు సొంత ఫంక్షన్ రాద్దాం. సొంత ఫంక్షన్లు, స్క్రిప్టంతటికీ వర్తించే వేరియబుళ్లు డిఫాల్ట్ కంటే పైన ఉండాలి.

```
ఇంటిజర్ వెలిగిందా = ఫాల్స్;
ఫ్లోట్ నూనె = 100.0;
వెక్టర్ పసుపు = <1.0, 0.75, 0.2>;

స్ట్రింగ్ నూనె_మాట(ఫ్లోట్ ఎంత)
{
    ఇఫ్ (ఎంత > 50.0) రిటర్న్ "నూనె నిండుగా ఉంది";
    ఇఫ్ (ఎంత > 10.0) రిటర్న్ "నూనె తగ్గుతోంది";
    రిటర్న్ "నూనె పోయండి";
}

వెలుగు(ఇంటిజర్ కావాలా)
{
    వెలిగిందా = కావాలా;
    ఎల్ఎల్‌సెట్‌కలర్(పసుపు, ఆల్_సైడ్స్);
    ఎల్ఎల్‌సెట్‌లింక్‌ప్రిమిటివ్‌పారామ్స్‌ఫాస్ట్(లింక్_థిస్, [
        ప్రిమ్_పాయింట్_లైట్, కావాలా, పసుపు, 1.0, 8.0, 0.75,
        ప్రిమ్_ఫుల్‌బ్రైట్, ఆల్_సైడ్స్, కావాలా]);
    ఎల్ఎల్‌సెట్‌టైమర్‌ఈవెంట్(5.0 * కావాలా);
}

డిఫాల్ట్
{
    స్టేట్_ఎంట్రీ()
    {
        వెలుగు(ఫాల్స్);
    }

    టచ్_స్టార్ట్(ఇంటిజర్ ఎందరు)
    {
        ఇఫ్ (నూనె <= 0.0) నూనె = 100.0;
        వెలుగు(!వెలిగిందా);
    }

    టైమర్()
    {
        నూనె = నూనె - 1.0;
        ఎల్ఎల్‌సెట్‌టెక్స్ట్(నూనె_మాట(నూనె), <1.0, 1.0, 1.0>, 1.0);
        ఇఫ్ (నూనె <= 0.0) వెలుగు(ఫాల్స్);
    }
}
```

రెండు సొంత ఫంక్షన్ల తేడా గమనించండి. నూనె_మాట పేరు ముందు స్ట్రింగ్ అని ఉంది, అంటే పని చేసి ఒక స్ట్రింగ్‌ను చేతికిస్తుంది. వెలుగు ముందు ఏమీ లేదు. పని చేసి ఊరుకుంటుంది. కుండలీకరణాల్లో ప్రతి విలువకూ రకం చెప్పాం. నూనె_మాటకు ఫ్లోట్ ఇవ్వాల్సిన చోట ఇంటిజర్ ఇస్తే భాషే మార్చుకుంటుంది. స్ట్రింగ్ ఇస్తే రకం కుదరలేదని కంపైలర్ ఆపేస్తుంది.

పెద్ద పేరున్న ఆ ఫంక్షన్ లిస్ట్‌ను తీసుకుంటోంది. లిస్ట్‌లో వరుస తప్పితే పని జరగదు: కాంతి కావాలా వద్దా, రంగు, తీవ్రత, ఎన్ని మీటర్ల దాకా, దూరం పెరిగే కొద్దీ ఎంత వేగంగా తగ్గాలి. చివర ఫాస్ట్ అని లేని పాత ఫంక్షన్ ఒకటుంది. అది పిలిచిన ప్రతిసారీ స్క్రిప్టును 0.2 సెకను నిద్రపుచ్చుతుంది. కొత్తగా రాసేవాళ్లు దాని జోలికి వెళ్లనక్కరలేదు.

నాకు ఇష్టమైన వరుస 5.0 * కావాలా. వెలిగించమంటే ఐదు సెకన్లకు ఒకసారి టైమర్ మోగుతుంది. ఆర్పమంటే లబ్ధం సున్నా, టైమర్‌కు సున్నా ఇస్తే ఆగిపోతుంది. నూరు పాళ్ల నూనె, పాలుకు ఐదు సెకన్లు: 500 సెకన్లు, ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో దీపం కొండెక్కుతుంది. పరీక్షించేటప్పుడు అంతసేపు కూర్చోలేరు, నూనెను 5.0తో మొదలుపెట్టండి.

పైన వేరియబుల్‌లో పసుపు రంగును 191.0/255.0 అని కాక 0.75 అని ఎందుకు రాశానంటే, డిఫాల్ట్‌కు పైనుండే వేరియబుళ్లకు మొదటి విలువగా లెక్కలు ఇవ్వనివ్వదు. అక్కడ తేలిన విలువే రాయాలి.

సాయంత్రం ఆరింటికి తనంతట తాను వెలగాలా? సెకండ్ లైఫ్ సొంత గడియారం అమెరికా పశ్చిమ తీరపు సమయం చూపుతుంది. దాన్ని నమ్మితే మీ దీపం తిరుపతిలో తెల్లవారాక వెలుగుతుంది. గ్రీన్‌విచ్ సమయం అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లయిందో చెప్పే ఫంక్షన్ తీసుకుని, మన ఐదున్నర గంటలు, అంటే 19800 సెకన్లు కలపండి:

```
ఇంటిజర్ సెకన్లు = (ఇంటిజర్)ఎల్ఎల్‌గెట్‌జీఎంటీక్లాక్() + 19800;
ఇంటిజర్ గంట = (సెకన్లు % 86400) / 3600;
```

ఇక్కడ పూర్ణాంకాల భాగహారం శత్రువు కాదు, మిత్రుడే. మనకు కావలసింది గంట మాత్రమే, మిగిలిన నిమిషాలను అదే పారేస్తుంది. ఒక స్క్రిప్టుకు ఒకే టైమర్ కాబట్టి ఈ తనిఖీని కూడా అదే టైమర్ ఈవెంట్‌లో పెట్టాలి, దీపం ఆరినప్పుడు టైమర్‌ను ఆపకుండా 60 సెకన్లకు మార్చుకోవాలి.

తలుపు: తొంభై డిగ్రీలు అనుకున్నది

చంద్రగిరి కోట ద్వారం లాంటిది కట్టాలని అందరికీ ఉంటుంది. రెండు గోతులున్నాయి.

మొదటిది, వస్తువు తన నడిమధ్య చుట్టూ తిరుగుతుంది. పెట్టె ఆకారపు తలుపు తిప్పితే గాలిమరలా తిరుగుతుంది తప్ప కీలు మీద తెరుచుకోదు. ఉపాయం: పెట్టె వెడల్పు రెట్టింపు చేసి, ఎడిట్ కిటికీలో పాత్ కట్ అనే చోట మొదలు 0.375, చివర 0.875 ఇవ్వండి. సగం పెట్టె మాయమై, మిగిలిన సగానికి నడిమధ్య కాస్తా అంచు అవుతుంది. అదే కీలు.

రెండోది కోణం. రొటేషన్ నాలుగు సంఖ్యలను చేత్తో రాయవద్దన్నాను కదా. వెక్టర్‌లో కోణాలిచ్చి ఎల్ఎల్‌ఆయిలర్2రాట్‌తో మార్చుకోవాలి. గణితజ్ఞుడు ఆయిలర్ పేరే అది, ఇ-యు-ఎల్-ఇ-ఆర్ అని రాయాలి. కోణాలు రేడియన్లలో ఉండాలి; డిగ్రీలను డెగ్_టు_రాడ్ అనే స్థిరాంకంతో గుణిస్తే రేడియన్లవుతాయి. మరిచిపోయి 90.0 అని ఇస్తే అది 90 రేడియన్లు అనుకుంటుంది: పద్నాలుగు పూర్తి చుట్లు, ఆ పైన సుమారు 117 డిగ్రీలు. చుట్లు కనబడవు, చివరి స్థానమే కనబడుతుంది. తలుపు కాస్త ఎక్కువ తెరుచుకుందే అని సరిపెట్టుకుంటారు, తప్పు దాగిపోతుంది. మీ తలుపు 117 డిగ్రీల దగ్గర ఆగితే కారణం ఇదే.

```
రొటేషన్ మూసినప్పుడు;
ఇంటిజర్ తెరిచి = ఫాల్స్;

డిఫాల్ట్
{
    స్టేట్_ఎంట్రీ()
    {
        మూసినప్పుడు = ఎల్ఎల్‌గెట్‌రాట్();
    }

    టచ్_స్టార్ట్(ఇంటిజర్ ఎందరు)
    {
        తెరిచి = !తెరిచి;
        రొటేషన్ మలుపు = ఎల్ఎల్‌ఆయిలర్2రాట్(<0.0, 0.0, 90.0 * డెగ్_టు_రాడ్>);
        ఇఫ్ (తెరిచి) ఎల్ఎల్‌సెట్‌రాట్(మలుపు * మూసినప్పుడు);
        ఎల్స్ ఎల్ఎల్‌సెట్‌రాట్(మూసినప్పుడు);
    }
}
```

రొటేషన్లను కలపడానికి కూడిక కాదు, గుణకారం. పైగా వరుస మారితే జవాబు మారుతుంది. మలుపు ముందుంటే తలుపు తన సొంత నిలువు గీత చుట్టూ తిరుగుతుంది. మూసినప్పటి కోణాన్ని దాచుకుని ప్రతిసారీ దానికే తిరిగి రావడం వెనుక ఒక ఉద్దేశం ఉంది: ఉన్నచోటు నుంచి కాస్త కలుపుతూ, తీస్తూ పోతే ఫ్లోట్ల పొరపాటు పోగై వందలసార్లు తెరిచాక తలుపు చట్రంలో కూర్చోకపోవచ్చు. తలుపును ఇంకో గోడకు జరిపితే మాత్రం, మూసి ఉన్నప్పుడే స్క్రిప్టును రీసెట్ చేయాలి.

టోకెన్ల పెట్టె

విష్ణు నివాసం ముందు తెల్లవారుజామున సర్వదర్శనం టోకెన్ల వరుస చూసినవాళ్లకు ఈ వస్తువు పని విడమరచి చెప్పనక్కరలేదు. ముట్టుకున్నవాళ్లకు వరుస సంఖ్య ఇవ్వాలి, ఒక మనిషికి ఒకటే.

```
ఇంటిజర్ టోకెన్ = 0;
లిస్ట్ తీసుకున్నవారు;

డిఫాల్ట్
{
    టచ్_స్టార్ట్(ఇంటిజర్ ఎందరు)
    {
        ఇంటిజర్ వ;
        ఫర్ (వ = 0; వ < ఎందరు; ++వ)
        {
            కీ ఎవరు = ఎల్ఎల్‌డిటెక్టెడ్‌కీ(వ);
            ఇఫ్ (ఎల్ఎల్‌లిస్ట్‌ఫైండ్‌లిస్ట్(తీసుకున్నవారు, [ఎవరు]) == -1)
            {
                ++టోకెన్;
                తీసుకున్నవారు += [ఎవరు];
                ఎల్ఎల్‌రీజియన్‌సేటు(ఎవరు, 0, "మీ టోకెన్ సంఖ్య " + (స్ట్రింగ్)టోకెన్);
            }
            ఎల్స్ ఎల్ఎల్‌రీజియన్‌సేటు(ఎవరు, 0, "మీకు ముందే ఇచ్చాం");
        }
    }
}
```

ఒకే క్షణంలో ఇద్దరు ముట్టుకుంటే ఒకే ఈవెంట్‌లో ఇద్దరూ రావచ్చు, అందుకే ఒక్కొక్కరి కోసం ఒక్కోసారి తిరిగే ఆ ఫర్ లూప్. ముట్టుకున్నది ఎవరని చెప్పే డిటెక్టెడ్ ఫంక్షన్లు ముట్టుకోవడం, తగలడం, పసిగట్టడం వంటి ఈవెంట్ల లోపలే పనిచేస్తాయి. టైమర్‌లో పిలిస్తే సరైన జవాబు రాదు.

మా దగ్గర దీని మొదటి కూర్పు అడిగినవాడికి అడిగినన్ని టోకెన్లు ఇచ్చింది. ఒకడు వరుసగా పదిహేడు తీసుకుని, బ్లాకులో అమ్ముతానని బేరం మొదలుపెట్టాడు. కారణం: లిస్ట్‌లో పెట్టేటప్పుడు కీని స్ట్రింగ్‌గా మార్చి పెట్టారు, వెతికేటప్పుడు కీగానే వెతికారు. రెండూ తెరపై అక్షరం పొల్లు పోకుండా ఒకేలా కనిపిస్తాయి. లిస్ట్ మాత్రం రకం కూడా చూస్తుంది. కీ వేరు, స్ట్రింగ్ వేరు, దొరకలేదంటూ -1 ఇస్తుంది. ఏ రకంలో పెట్టారో అదే రకంలో వెతకండి.

లిస్ట్ అనంతం కాదు. మోనో (సర్వర్‌లో స్క్రిప్టులను నడిపే ఇంజన్) మీద కంపైల్ చేసిన ఒక స్క్రిప్టుకు దక్కే మొత్తం స్థలం 64 కిలోబైట్లు, కోడుతో సహా. నిండితే స్టాక్-హీప్ కొలిజన్ అని అరిచి ఆగిపోతుంది. పరిమితి మీరే పెట్టండి, రెండొందలు అనుకోండి. దాటినప్పుడు ఎల్ఎల్‌డిలీట్‌సబ్‌లిస్ట్‌తో మొదటి కీ తీసేయండి. ఎంత మిగిలిందో ఎల్ఎల్‌గెట్‌ఫ్రీమెమొరీ చెబుతుంది.

మాట వినే దీపాలు

వస్తువుకు చెవులివ్వాలంటే ఎల్ఎల్‌లిసెన్. నాలుగు అడుగుతుంది: చానెల్ (ఇంటిజర్), ఎవరి పేరు (స్ట్రింగ్), ఎవరి కీ, ఏ మాట (స్ట్రింగ్). ఖాళీగా వదిలిన చోట ఎవరైనా, ఏదైనా సరే అని అర్థం.

ఒక సాయంత్రం మా పిల్లలు రెండు దీపాలను సున్నా చానెల్‌లో వినమని, విన్నదాని ముందు "విన్నాను:" అని చేర్చి తిరిగి అదే చానెల్‌లో చెప్పమని పెట్టారు. వస్తువు తన మాట తాను వినదు కాబట్టి ఒక్క దీపంతో పరీక్షించినప్పుడు అంతా బాగుంది. రెండోది పక్కన పెట్టి "వెలుగు" అన్నారు. ఒకటి విన్నానంది, అది రెండోది విని తానూ విన్నానంది, దాన్ని మొదటిది వింది. క్షణాల్లో తెర నిండా విన్నాను, విన్నాను. ఒక మాటకు 1024 బైట్లే పరిమితి కాబట్టి వరుసలు పొడవు పెరగడం ఆగింది గానీ దీపాల కబుర్లు ఆగలేదు. చివరికి ఒక దీపాన్ని తీసి సంచిలో వేశాం.

```
ఎల్ఎల్‌లిసెన్(7, "", ఎల్ఎల్‌గెట్‌ఓనర్(), "");
```

ఇలా రాస్తే ఏడో చానెల్‌లో యజమాని మాట ఒక్కటే వింటుంది. మీరు చాట్‌లో ముందు ఏటవాలు గీత, 7, ఆ తర్వాత మాట కొట్టాలి. వచ్చిన మాటను లిసెన్ ఈవెంట్‌లో పోల్చి, వెలుగు ఫంక్షన్‌ను పిలవండి. ఈవెంట్‌కు వచ్చే విలువలు వరుసగా ఇంటిజర్, స్ట్రింగ్, కీ, స్ట్రింగ్; చెవి పెట్టినప్పటి వరుసే.

యజమాని కీని చెవి పెట్టే క్షణంలోనే తీసుకుంటుందని గుర్తుంచుకోండి. దీపాన్ని స్నేహితురాలికి ఇచ్చేశాక కూడా అది మీ మాటే వింటుంది. వస్తువును సంచిలో పెట్టి మళ్లీ నేల మీద దించినా స్క్రిప్టు మొదటి నుంచి మొదలుకాదు. నూనె ఎంత ఉంటే అంతే ఉంటుంది, పాత చెవులూ అలాగే ఉంటాయి. దానికి డిఫాల్ట్ లోపల ఇంకో ఈవెంట్:

```
చేంజ్డ్(ఇంటిజర్ ఏమిటి)
{
    ఇఫ్ (ఏమిటి & చేంజ్డ్_ఓనర్) ఎల్ఎల్‌రీసెట్‌స్క్రిప్ట్();
}
```

రెండు సమాన గుర్తులతో పోల్చకుండా ఒక్క & గుర్తు వాడాం చూడండి. ఒకేసారి రెండు మూడు మార్పులు జరిగితే అవన్నీ కలిసి ఒకే ఇంటిజర్‌గా వస్తాయి. అందులో మనకు కావలసిన బిట్ ఉందా లేదా అని అడుగుతున్నాం. రీసెట్ అయితే నూనె మళ్లీ 100.0కు వస్తుంది, కొత్త యజమానికి నిండు దీపం దక్కుతుంది. ఇదే ఈవెంట్‌ను టోకెన్ల పెట్టెలో పెడితే సంఖ్య ఒకటి నుంచి మొదలవుతుందని, అప్పటికే వరుసలో నిలబడ్డవాళ్లతో గొడవ వస్తుందని మా వాళ్లు అనుభవం మీద తెలుసుకున్నారు.